దిగుబడి ఒక్కటే కొలవడం చాలదు: పండ్లు, కూరగాయల్లో పోషకాల గురించి బహిరంగ లేఖ

పంట రకాలను విడుదల చేసే కమిటీల సభ్యులకు, ఎరువుల మోతాదులు నిర్ణయించే శాస్త్రవేత్తలకు, పండ్లు కూరగాయల గ్రేడింగు ప్రమాణాలు రాసే అధికారులకు,

నమస్కారం. మీ కృషి వల్ల దిగుబడులు పెరిగాయి, పండ్లు కూరగాయలు ఏడాది పొడవునా దొరుకుతున్నాయి. ఆ మేలును మేం మరచిపోలేదు. అయితే ఇదే విషయం మీద ఇంతకుముందు పంపిన వినతులకు సమాధానం రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

మా మాట ఒక్కటే. కొత్త రకాన్ని విడుదల చేసేటప్పుడు మీరు హెక్టారుకు ఎన్ని టన్నులు పండిందో చూస్తారు. తెగుళ్లను తట్టుకుందా, రవాణాలో కాయ చితికిందా, రంగు బాగుందా అని చూస్తారు. ఎరువు మోతాదుకూ దిగుబడే కొలబద్ద. ఆ కాయ 100 గ్రాములు తింటే ఎంత ఇనుము, ఎంత విటమిన్ సి, శరీరం విటమిన్ ఎగా మార్చుకునే కెరోటిన్ ఎంత వస్తాయన్న లెక్క మాత్రం ఈ పట్టికల్లో తప్పనిసరి గడిగా ఎక్కడా కనబడదు. సాగు పద్ధతి మారితే ఈ అంకెలూ మారతాయి. ఎలా మారతాయో, అందువల్ల ఎవరికి నష్టమో కింద వివరిస్తున్నాం.

1. రకం మారితే లోపలి సరుకు మారుతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ 1950లోనూ 1999లోనూ ప్రచురించిన పోషక విలువలను డొనాల్డ్ డేవిస్, ఆయన సహచరులు 43 తోట పంటల్లో పోల్చి 2004లో ఫలితాలు వెల్లడించారు. నీటి శాతంలో తేడాను సరిచేశాక కూడా ఆరు పోషకాలు తగ్గినట్టు తేలింది: ప్రొటీన్ 6 శాతం, భాస్వరం 9, ఇనుము 15, కాల్షియం 16, విటమిన్ సి 20, రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) 38 శాతం. మిగిలిన ఏడు పోషకాల్లో నమ్మదగిన మార్పు కనబడలేదు. రకాలు మారడమే దీనికి ముఖ్య కారణం కావచ్చని వారు భావించారు.

ఈ అంకెలను పట్టుకుని ‘నేల చచ్చిపోయింది, కూరగాయల్లో ఏమీ లేదు’ అని ప్రచారం చేసేవాళ్లున్నారు. అది తప్పు. 1950 నాటి విశ్లేషణ పద్ధతులు వేరు, నమూనాలు తీసిన చోట్లు వేరు. ఈ తగ్గుదలల్లో చాలావరకు సహజమైన హెచ్చుతగ్గుల పరిధిలోనే ఉన్నాయని వాదించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఈ వాదన తేలాలంటే పాత రకాన్నీ కొత్త రకాన్నీ ఒకే మడిలో, ఒకే ఎరువుతో పక్కపక్కన పెంచి కొలవాలి. ఆ పని చేయగలిగింది మీరే.

పాత నమూనాలు దాచిపెట్టిన చోట జవాబు దొరికింది కూడా. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగంలో గింజనూ మట్టినీ ఏటా భద్రపరుస్తూ వచ్చారు. 1845 నుంచి 1960ల మధ్య వరకు గింజలో జింకు, ఇనుము, రాగి, మెగ్నీషియం నిలకడగా ఉన్నాయి. పొట్టి రకాలు వచ్చాక తగ్గాయి. మట్టిలో మాత్రం అవి తగ్గలేదు, కొన్ని పెరిగాయి కూడా. నేలలో ఉన్నది గింజలోకి అదే పాళ్లలో రాలేదన్నమాట. గింజ బరువు పెరిగినంత వేగంగా వేరు ఖనిజాలను లాగలేకపోతే ఉన్న కాస్తా ఎక్కువ పిండిలోకి పలచబడుతుంది. గోధుమ కూరగాయ కాదు, నిజమే. కాయ బరువు కోసమే ఎంపిక చేసిన ఏ పంటలోనైనా ఇదే జరగడానికి వీలుంది.

టమాటాలో మరో ఉదాహరణ ఉంది. కాయ పచ్చిగా ఉన్నప్పుడు తొడిమ దగ్గర ముదురాకుపచ్చ భుజాలు లేకుండా అంతా ఒకే లేతరంగులో ఉండే మొక్కలను దశాబ్దాల పాటు ఎంచుకుంటూ వచ్చారు. కాయలన్నీ ఒకేసారి, ఒకేలా పండినట్టు కనబడటం దాని లాభం. ఆ ఎంపికతో పాడైన జన్యువు కాయలో పచ్చదనాన్ని పెంచే జన్యువేనని 2012లో తేలింది. అది పనిచేయకపోతే కాయ సొంతంగా తయారుచేసుకునే చక్కెరలూ, పండుకు ఎరుపునిచ్చే లైకోపీనూ తగ్గుతాయి. రంగు చూసి ఎంచుకున్నవాళ్లకు రుచి, పోషకం పోతున్న సంగతి తెలియదు, ఎందుకంటే వాటిని ఎవరూ కొలవలేదు.

కొలిచినచోట ఫలితం వేరుగా ఉంది. కెరోటిన్ కోసం ఎంపిక చేసిన క్యారెట్లలో కెరోటిన్ పెరిగింది. నారింజరంగు చిలగడదుంపలను విటమిన్ ఎ కోసం అభివృద్ధి చేసి వ్యాప్తి చేసినవారు 2016 ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నవారిలో ఉన్నారు.

2. నత్రజని మోతాదు మించితే విటమిన్ సి తగ్గుతుంది, నైట్రేట్ పెరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఇదే. నత్రజని ఎక్కువగా అందిన మొక్క, తయారైన చక్కెరను కొత్త ఆకులు, ప్రొటీన్లు కట్టడానికి ఖర్చు చేస్తుంది. విటమిన్ సి తయారయ్యేది చక్కెర నుంచే, కాబట్టి దానికి మిగిలేది తగ్గుతుంది. దట్టంగా పెరిగిన ఆకులు కాయల మీద నీడ పరుస్తాయి, దాంతో ఇంకా తగ్గుతుంది. ఫినాల్ జాతి రక్షక పదార్థాలదీ ఇదే దారి. మరోవైపు మొక్క వాడుకోలేని నత్రజని నైట్రేట్ రూపంలో ఆకు కణాల్లో నిల్వ ఉంటుంది. ఈ నైట్రేట్‌ను మార్చే ఎంజైముకు వెలుతురు కావాలి. అందుకే మబ్బు రోజుల్లో, శీతకాలంలో, గాజు లేదా ప్లాస్టిక్ కప్పు కింద పెంచిన పాలకూర, లెట్యూస్‌లలో నైట్రేట్ పేరుకుపోతుంది.

యూరోపియన్ యూనియన్ తాజా పాలకూరకు కిలోకు 3,500 మిల్లీగ్రాములు, కప్పు కింద పెంచిన చలికాలపు లెట్యూస్‌కు 5,000 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితిగా పెట్టింది. శరీర బరువు కిలోకు రోజుకు 3.7 మిల్లీగ్రాముల నైట్రేట్ వరకు ఫరవాలేదని అంతర్జాతీయ నిపుణుల అంచనా. 15 కిలోల పిల్లకు ఇది 55 మిల్లీగ్రాములు. పై పరిమితి అంచున ఉన్న పాలకూర 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాములుంటాయి. దీని అర్థం ఆకుకూరలు మానేయమని కాదు. ఉడికించి నీరు పారబోస్తే కొంత పోతుంది, ఆకుకూరల వల్ల కలిగే మేలు మొత్తం మీద ఎక్కువే. కానీ పసిపిల్లలకు వండిన ఆకుకూరను గంటల తరబడి బయట ఉంచితే నైట్రేట్ నైట్రైట్‌గా మారుతుంది, ప్రమాదం అక్కడ మొదలవుతుంది. పొలంలోనే తగ్గించగల దాన్ని తల్లుల జాగ్రత్తకు వదిలేయడం న్యాయం కాదు.

తగ్గించే పనులు కష్టమైనవేమీ కావు. నేల పరీక్షలో మిగులు నైట్రేట్ చూసి, దాన్ని మోతాదులోంచి తీసేయాలి. నత్రజనిని ఒకేసారి వేయకుండా విడతలుగా వేయాలి. ఆకుకూరకు కోతకు దగ్గర్లో పైపాటు ఎరువు వేయకూడదు. తెల్లవారుజామున కాకుండా ఎండ తగిలిన తర్వాత, మధ్యాహ్నం దాటాక కోస్తే నైట్రేట్ తక్కువగా ఉంటుంది. అయితే వేడిలో కోసిన ఆకు త్వరగా వాడిపోతుంది, విటమిన్ సి కూడా పోతుంది. వెంటనే నీడకు చేర్చి చల్లబరిచే ఏర్పాటు లేకుండా ఈ సలహా ఇస్తే ఒకచోట లాభం, ఇంకోచోట నష్టం. మట్టి లేని సాగులో ఇంకా తేలిక: చివరి కొన్ని రోజులు పోషక ద్రావణంలో నైట్రేట్ తగ్గిస్తే ఆకులో నిల్వ ఉన్నదాన్ని మొక్కే వాడుకుంటుంది. మీ సిఫారసు పత్రాల్లో ఈ నాలుగు వాక్యాలు ఎందుకు ఉండవో మాకు అర్థం కావడం లేదు.

3. నీరు, కాల్షియం.

టమాటా కాయలో 94–95 శాతం నీరే. తడి ఎక్కువై ఎండు పదార్థం 6 శాతం నుంచి 5కు పడిపోతే తినేవాళ్లకు అదే 100 గ్రాముల్లో ఆరో వంతు సరుకు తగ్గినట్టు. కాయ పెద్దదవుతుంది, తూకం పెరుగుతుంది, రైతుకు డబ్బూ పెరుగుతుంది. కాయ పక్వానికి వచ్చే దశలో తడులు కొంత తగ్గిస్తే చక్కెరలు, విటమిన్ సి చిక్కబడతాయి, తూకం మాత్రం తగ్గుతుంది. తూకానికే డబ్బిచ్చే పద్ధతిలో ఏ రైతు ఈ పని చేస్తాడు?

కాల్షియం సంగతి వేరు. అది వేరు నుంచి నీటి వెంట పైకి పోతుంది, నీరు ఎక్కువగా ఆవిరయ్యే ఆకులకు చేరుతుంది, కాయకు తక్కువే మిగులుతుంది. ఒకసారి ఆకులో చేరాక తిరిగి కాయకు రాదు. అందుకే నేలలో సున్నం దండిగా ఉన్నా టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది, యాపిల్ తొక్క కింద గోధుమరంగు గుంటలు పడతాయి. ఎడాపెడా తడులు, అమ్మోనియం రూపంలో అధిక నత్రజని, మితిమీరిన పొటాష్ దీన్ని పెంచుతాయి. ఇలాంటి తోటలో సున్నం ఇంకా వేయమని చెప్పడం వృథా. తడులు సమంగా ఇవ్వడం, అమ్మోనియం తగ్గించడం మొదటి పని. యాపిల్‌లో కాల్షియం క్లోరైడ్‌ను లీటరు నీటికి 4–5 గ్రాముల చొప్పున, కాయల మీదే పడేలా, చల్లని పూట, పలు దఫాలు పిచికారీ చేస్తారు. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. శీతల గిడ్డంగిలో యాపిల్ ఎన్నాళ్లు నిలుస్తుందో తెలుసుకోవడానికి పండులో కాల్షియం కొలవడం ఎప్పటినుంచో ఉంది. కొలిచే విద్య ఉంది, యంత్రాలు ఉన్నాయి. లేనిది తినేవారి కోసం కొలవాలన్న నిబంధన.

4. భాస్వరం ఎక్కువైతే జింకు అందదు.

వేళ్లను ఆశ్రయించి బతికే మైకోరైజా శిలీంధ్రాలు వేరు చేరలేని చోట నుంచి భాస్వరం, జింకు తెచ్చి మొక్కకు ఇస్తాయి. భాస్వరం ఎరువుగా దండిగా దొరికితే మొక్క ఈ శిలీంధ్రాలను పోషించడం తగ్గిస్తుంది. వాటితో పాటు జింకు కూడా తగ్గుతుంది. పదేపదే లోతు దుక్కి చేసినా ఈ శిలీంధ్రాల దారాలు తెగుతాయి. నేల క్షారత ఇంకో అడ్డంకి: పీహెచ్ ఒక పాయింటు పెరిగితే మట్టి నీటిలో కరిగి ఉండే జింకు నూరో వంతుకు పడిపోతుంది. మొక్కకు అందే జింకును కొలిచే డీటీపీఏ పరీక్షలో జింకు కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాముల కంటే తక్కువ వస్తే లోటుగా లెక్కిస్తారు. అలాంటి నేలలో జింకు సల్ఫేట్ వేస్తే ఆకుకూరల్లో జింకు బాగా పెరుగుతుంది, కాయల్లో అంత పెరగదు, ఎందుకంటే కాయకు ఆహారం వచ్చే నాళాల్లో జింకు కదలిక తక్కువ. లోటు లేని నేలలో వేయడం దండగ. పరీక్షలో కేవలం నత్రజని, భాస్వరం, పొటాష్ చూసి పంపే కార్డు వల్ల ఈ లెక్కలేవీ తేలవు.

భాస్వరపు ఎరువుతో కాడ్మియం అనే విష లోహం కూడా వస్తుంది. ఆకుకూరలు దాన్ని సులువుగా పీల్చుకుంటాయి. యూరోపియన్ యూనియన్ 2022 జూలై నుంచి భాస్వరపు ఎరువుల్లో, భాస్వరం ఆక్సైడు కిలోకు 60 మిల్లీగ్రాముల కాడ్మియం దాటకూడదని పరిమితి పెట్టింది.

5. కప్పు కింద సాగు.

గాజు, మామూలు ప్లాస్టిక్ పొరలు అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్ని ఆపేస్తాయి. ఆ కిరణాల తాకిడికే ఆకు ఫ్లేవనాయిడ్లనే రక్షక పదార్థాలను, ఎర్ర లెట్యూస్ తన ఎరుపును తయారుచేసుకుంటాయి. 30 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో టమాటాకు లైకోపీన్ సరిగ్గా పట్టదు. పైగా దిగుబడి కోసం లోపలికి కార్బన్ డయాక్సైడు వదులుతారు. ఈ వాయువు పెరిగినప్పుడు మొక్కల్లో ఖనిజాలు సగటున 8 శాతం తగ్గాయని, 130 జాతులు, రకాల సమాచారాన్ని క్రోడీకరించిన 2014 నాటి అధ్యయనం చూపింది. కప్పు కింద సాగు వద్దని మేం అనడం లేదు. నీరు, మందులు ఆదా అవుతాయి. ఏ పొర వాడాలో, పోషక ద్రావణాన్ని ఎలా సరిచేయాలో చెప్పే సిఫారసు కావాలి.

6. ముందుగా కోయడం.

రవాణాకు ఓర్చుకోవాలని పచ్చిగా కోస్తున్నారు. పండిన ఎర్ర క్యాప్సికంలో 100 గ్రాములకు సుమారు 128 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటే పచ్చిదానిలో సుమారు 80 మాత్రమే. బీటా కెరోటిన్‌లో తేడా ఇంకా చాలా ఎక్కువ.

సేంద్రియమా, రసాయనికమా అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది గనుక దాని గురించీ చెబుతాం. 2009లో వచ్చిన ఒక సమీక్ష రెండిటి పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదంది. 343 పరిశోధన పత్రాలను కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణ, సేంద్రియ పంటల్లో రక్షక ఫినాల్ పదార్థాలు గణనీయంగా ఎక్కువని, కాడ్మియం సగటున 48 శాతం తక్కువని చెప్పింది. కాలిఫోర్నియాలో పదేళ్లు సాగిన టమాటా పోలికలో సేంద్రియ మళ్ల కాయల్లో ఫ్లేవనాయిడ్లైన క్వెర్సెటిన్ 79 శాతం, కెంఫెరాల్ 97 శాతం ఎక్కువగా వచ్చాయి. ఇందులో మాకు కనబడేది ఎరువు సంచి మీది పేరు కాదు, నత్రజని మొక్కకు అందిన తీరు. కంపోస్టు నుంచి అది నెమ్మదిగా విడుదలవుతుంది, మొక్క ఆకులు వేయడానికే పరుగెత్తదు. అదే పశువుల ఎరువును మోతాదు లేకుండా గుమ్మరిస్తే పాలకూరలో నైట్రేట్ అలాగే పేరుకుంటుంది. అందుకే పద్ధతి పేరుతో వాదులాడకుండా పండిన కాయను కొలవమంటున్నాం.

నష్టపోయేది ఎవరు? పోషకాహార సలహాదారులు రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమంటారు. ఆ 400 గ్రాముల్లో ఏముందో ఆహార పట్టికలు ఒక్కో కూరగాయకు ఒక్కో సగటు అంకెతో చెబుతాయి. రకం, కాలం, కోత దశ ఏవీ అందులో ఉండవు. మాంసం, గుడ్లు దండిగా కొనగలిగిన ఇంట్లో ఈ తేడా కనబడకపోవచ్చు. ఇనుము, జింకు కోసం మొక్కల మీదే ఆధారపడిన ఇంట్లో కనబడుతుంది. రక్తహీనత ఉన్న గర్భిణికి, చిన్న కడుపుతో నాలుగు ముద్దలకు మించి తినలేని పిల్లకు ‘ఇంకొంచెం ఎక్కువ తిను’ అన్న సలహా పనికిరాదు. కంటితో చూసి ఎంచుకుందామంటే అదీ కుదరదు. నిగనిగలాడే కాయలో జింకు తక్కువ ఉండొచ్చు, చిన్న కాయలో ఎక్కువ ఉండొచ్చు. చక్కెర కొలిచే బ్రిక్స్ పరికరంతో పోషకాలన్నీ తెలుస్తాయని కొందరు చెబుతున్నారు. అది కరిగిన చక్కెరలనే ప్రధానంగా చూపిస్తుంది. ఇనుము గురించి ఏమీ చెప్పదు.

మా డిమాండ్లు ఇవి:

1. కొత్త రకాన్ని విడుదల చేసే ముందు కనీసం రెండు పాత రకాలతో పక్కపక్కన, రెండు కాలాల్లో, మూడు చోట్ల పెంచి ఎండు పదార్థం, విటమిన్ సి, కెరోటినాయిడ్లు, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, జింకు కొలవాలి. ఫలితాన్ని 100 గ్రాముల తాజా బరువుకూ, ఎండు బరువుకూ విడివిడిగా ప్రచురించాలి. మొదటిది తినేవారికి, రెండోది తగ్గుదలకు కారణం నీరా కాదా అని తేల్చేవారికి.

2. ఈ కొలతలకు ఒకే విధానం ఉండాలి. ఆకు మీది దుమ్ము ఇనుము అంకెను విపరీతంగా పెంచుతుంది, కాబట్టి లవణాలు లేని నీటితో కడగాలి, ఇనుప కత్తి వాడకూడదు. విటమిన్ సి నమూనాను ఎండబెట్టకూడదు, కోసిన వెంటనే ఘనీభవింపజేసి, తీసేటప్పుడు మెటాఫాస్ఫారిక్ ఆమ్లంలో నూరాలి. కోసిన సమయం, పక్వ దశ తప్పక రాయాలి.

3. ప్రతి పంటకూ ఎరువుల సిఫారసులో రెండు అంకెలు ఇవ్వాలి: గరిష్ఠ దిగుబడినిచ్చే నత్రజని మోతాదు, విటమిన్ సి పడిపోవడం లేదా నైట్రేట్ పెరగడం మొదలయ్యే మోతాదు. ఆకుకూరలకు ఆఖరి పైపాటుకూ కోతకూ మధ్య ఎన్ని రోజులుండాలో రాయాలి.

4. మట్టి పరీక్ష కార్డులో పీహెచ్, జింకు, ఇనుము, బోరాన్ తప్పనిసరి చేయాలి. భాస్వరపు ఎరువుల సంచి మీద కాడ్మియం ఎంతో ముద్రించాలి.

5. గ్రేడింగులో సైజు, రంగు, మచ్చలతో పాటు కనీసం ఎండు పదార్థాన్ని చేర్చాలి. అసాధ్యమేమీ కాదు. ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం ప్రమాణాల్లో కివీ పండుకు, కర్బూజాకు పక్వతను చూపే కనీస బ్రిక్స్ అంకెలు ఇప్పటికే ఉన్నాయి. చిక్కటి కాయకు ఎక్కువ ధర దక్కకపోతే పై సిఫారసులను రైతులు పాటించలేరు. ఈ భారం వాళ్ల మీద వేయకండి.

6. దిగుబడికి అక్కర్లేకపోయినా మనుషులకు అవసరమైన ఖనిజాలను ఎరువుల విధానంలో చేర్చే అవకాశం పరిశీలించాలి. ఫిన్లాండ్ 1984లో ఎరువుల్లో సెలీనియం కలపాలని నిర్ణయించింది. మొక్క పెరగడానికి సెలీనియం అవసరం లేదు, కాబట్టి దిగుబడి లెక్కల్లో అది ఎన్నటికీ కనబడేది కాదు. ఆహారంలో ఎంత చేరుతోందో ఏళ్ల తరబడి కొలుస్తూ మోతాదును పలుమార్లు మార్చారు. కొలత లేకుండా కలిపితే ఇదే పని ప్రమాదకరం, సెలీనియంలో చాలినంతకూ ఎక్కువకూ మధ్య ఎడం తక్కువ.

7. పోషకాలు కొలిచిన ఆధారం లేకుండా కేవలం సాగు పద్ధతి పేరు చెప్పి ‘పోషకాలు ఎక్కువ’ అని అమ్మడాన్ని అనుమతించకూడదు.

వీటిలో 2, 3, 7 డిమాండ్లకు కొత్త ప్రయోగశాలలు అక్కర్లేదు, ఉత్తర్వులు చాలు. ముందుగా వాటిని అమలు చేయండి. మిగిలినవాటికి ఎంత గడువు కావాలో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో 90 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ జవాబును కూడా ఈ లేఖలాగే అందరి ముందూ ఉంచండి.

ఇట్లు,
కూరగాయల సాగు, మట్టి పరీక్ష, ఆహార విశ్లేషణ పనుల్లో ఉన్నవాళ్లం